కోఆటీకి సాక్ష్యం

చాండ్లర్‌లోని ఇంటి నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుంటూ, ఆ రిటైర్డ్ భూగర్భశాస్త్రం లెక్చరర్ ఏడోసారి ఆ రాతిస్తంభాల అడవికి వచ్చాడు. భార్య రావడం ఇదే మొదటిసారి. నెత్తిన బండలు మోస్తున్న రాతిస్తంభాలను అతడు కొలిచి వచ్చేసరికి, ఆమె బెంచీ మీద వెలిగిపోతూ కూర్చుని ఉంది.

"ఏమండీ, మీ కోఆటీ వచ్చి వెళ్ళింది!"

"ఏడేళ్ళుగా నేను వెతుకుతున్న జంతువా? దాని చుట్టం రకూన్ అయి ఉంటుంది."

"కాదు. పొడుగు మూతి. తోక జెండాకర్రలా నిలబెట్టి నడిచింది."

ఆ తోక మాట అతడికి చురుక్కుమంది. జంతువుల పుస్తకంలోనూ అలాగే ఉంది మరి.

"ఫొటో తీశావా?"

"కళ్ళారా చూస్తుంటే ఫొటో ఎవరికి గుర్తొస్తుంది? ఒక్కసారి చూపించు ప్రభువా అనుకున్నాను, వచ్చేసింది."

"అది కాకతాళీయం."

"మరి ఆ కాకతాళీయం మీకు ఏడేళ్ళలో ఒక్కసారీ జరగలేదేం?"

"నా రాళ్ళ వయసు రెండు కోట్ల డెబ్భై లక్షల ఏళ్ళు. ఎవరి ప్రార్థనకూ కదల్లేదు."

"కదలవు కాబట్టే మీకు దొరికాయి."

అతడు వంగి, బెంచీ ముందరి దుమ్ములోని అడుగుజాడలకు స్కేలు ఆనించాడు. ఐదు వేళ్ళు, పొడవాటి గోళ్ళు.

"రకూన్‌కి గోళ్ళు ఇంత పొడుగుండవు," అన్నాడు నీరసంగా.

"అయితే మీ నోట్‌బుక్‌లో ఎక్కించండి. చూసింది ఎవరని రాస్తారు?"

"నీ పేరే రాస్తాను. సాక్ష్యం ఉందిగా. పెన్సిల్ ఉంటే ఇవ్వు."

"చేతిలో పెన్నుందిగా?"

"ఉంది. పెన్నుతో రాస్తే చెరగదు. పెన్సిల్ ఇవ్వు."