స్పోర్ట్స్ రూము తలుపు వెనక గీతలు

...అందుకే నిన్న రాసిన రెండు పేజీలూ చించేశాను. వాటిలో సార్ మంచివారు, సార్ గొప్పవారు అని తప్ప అసలు సంగతి ఒక్కటీ లేదు. రేపు ఉదయం దయానంద్ సార్ రిటైర్మెంటు సభలో స్టూడెంట్ల తరఫున మాట్లాడేది నేను. ఆయనకు శాలువా కప్పేది పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంటు, అంటే మా నాయన. మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నా, ఈసారి దాచకుండా.

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ రాజశ్రీ మేడం గారికి, వేదిక మీదున్న పెద్దలకు, పాకాల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పనులు మానుకొని వచ్చిన తల్లిదండ్రులకు, సగం ఫ్యాన్లు తిరగని ఈ హాల్లో నన్ను లోలోపల తిట్టుకుంటున్న నా ఫ్రెండ్స్‌కు నమస్కారం. నాది ఇంగ్లీషు మీడియం. తెలుగులో తడబడితే సార్ ఈల ఊదుతారు, అప్పుడు మళ్ళీ మొదలుపెడతాను. (ఇక్కడ నవ్వుతారు. నవ్వకపోతే నీళ్ళు తాగాలి.)

మా పి.ఈ.టి. దయానంద్ సార్ భుజాన ఎప్పుడూ ఒక ఖాకీ సంచి ఉంటుంది. అందులో ఈల, స్టాప్‌వాచ్, దూది ఉంటాయని అందరికీ తెలుసు. రెండేళ్ళుగా ఇంకొకటి కూడా ఉంది. అది నా ఇన్‌హేలర్. నాకు ఆస్తమా ఉందని మా ఇంట్లో తెలుసు, మందు వాడుతున్నానని మా అమ్మకు తప్ప తెలీదు. అల్లం కషాయంతోనే తగ్గిపోయిందని మా నాయన బంధువులందరికీ చెప్పుకుంటున్నాడు. (ఇక్కడ నాయన వైపు చూడకూడదు. అమ్మ వైపు కూడా.)

ఎనిమిదో తరగతిలో తిరుపతి డాక్టరు గారు ఇన్‌హేలర్ రాసిచ్చిన వారానికే, సార్ దాని పెట్టె మీద చదివి నన్ను ఖోఖో టీములోంచి తీసేశారు. "స్టెరాయిడ్ ఏసుకోని ఆడేది నా గ్రౌండులో కుదర్దు. పో, ఆ పక్కన కూసో" అన్నారు. ఆయనకు అప్పటిదాకా స్టెరాయిడ్ అంటే పేపర్లో వచ్చేదే, ఆటగాళ్ళ పతకాలు వెనక్కి లాక్కునేదే. (నవ్వు. సార్ కూడా నవ్వుతారు.) కానీ ఆ శనివారం ఆయనే బస్సెక్కి తిరుపతి పోయి డాక్టరును అడిగి వచ్చారు. సోమవారం ప్రేయర్‌లో నాలుగు వందల మంది ముందు మైకు పట్టుకొని, "కండలు పెంచేది వేరంట, ఊపిరితిత్తుల్లో వాపు తగ్గించేది వేరంట. తెలీక ఒక బిడ్డను బయట కూసోబెట్టినా. తప్పు నాది" అన్నారు. నా పేరు చెప్పలేదు. ఒక పెద్దమనిషి మైకులో తన తప్పు చెప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

అదే నెలలో నాయన నా బ్యాగులో ఇన్‌హేలర్ చూసి పెంటలో పారేశాడు. "ఈ స్టెరాయిడ్ మా యమ్మను తినేసింది సాలదా? బిడ్డను గూడా ఇయ్యాల్నా?" అన్నాడు. మా అవ్వ కుప్పమ్మకు ఆయాసం. డాక్టరు కాని ఒకాయన ఏ చీటీ లేకుండా ఎనిమిదేళ్ళు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చాడు. మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది, ఎముకలు గుల్లయ్యాయి, గడప దాటుతూ పడితే తుంటి విరిగింది. చివరి ఏడాది నాయనే అవ్వను చంటిబిడ్డలా ఎత్తుకు తిప్పాడు. నాయనా, నీ భయం అబద్ధం కాదు. (ఇక్కడ ఆగాలి. ఏడవకూడదు.) కానీ ఆ మాత్రలు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి. నేను పీల్చేది చాలా కొంచెం, ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది.

ఈ మందుతో ఇబ్బందులే ఉండవని మాత్రం చెప్పను. నాయనకు తెలీకుండా అమ్మ ఇంకో ఇన్‌హేలర్ కొని సార్‌కు ఇచ్చింది. పొద్దున ప్రేయర్‌కు ముందు, సాయంత్రం బస్సెక్కే ముందు, గ్రౌండు వెనక కొళాయి దగ్గర సార్ నిలబడేవారు. "పీల్చు. పది లెక్కబెట్టు. ఇప్పుడు పుక్కిలించి ఊసెయ్. మింగినావంటే సూడు!" పోయినేడు సెలవుల్లో ఇంట్లో మిద్దె మీద దాక్కొని పీల్చాను. నీళ్ళ చప్పుడు వినబడుతుందని నోరు కడగలేదు. వారంలో నాలుకంతా తెల్ల మచ్చలు, గొంతు బొంగురు. "ఏడి చేసిండాది, మజ్జిగ తాగు పాపా" అన్నాడు నాయన. నేను భయపడి మందు మానేశాను. అప్పుడు మా ఊళ్ళో బెల్లం వండే రోజులు, చెరుకు పిప్పి పొగ ఇంట్లోకే వస్తుంది. స్కూలు తెరిచిన రోజు మెట్ల మీదే ఊపిరి అందలేదు. సార్ ఎత్తుకొని ఆస్పత్రికి పరిగెత్తారు. నాయన ఆ రోజు బెల్లంతో చిత్తూరు మండీలో ఉన్నాడు, మేమూ చెప్పలేదు. "మందు వల్ల వచ్చినవి ఆ నోటి మచ్చలే, నోరు కడిగితే రావు. ఊపిరాడకపోయింది మందు మానినందుకు" అన్నారు డాక్టరు గారు.

పిల్లల్లో ఎత్తు కొంచెం తగ్గొచ్చు, కొలుస్తూ ఉండండి అని మొదట్లోనే సార్‌కు చెప్పారు తిరుపతి డాక్టరు గారు. అందుకే సార్ రెండు నెలలకోసారి స్పోర్ట్స్ రూము తలుపు వెనక నన్ను నిలబెట్టి, నా తల మీద స్కేలు పెట్టి గీత గీశారు. మొత్తం పన్నెండు గీతలు. ఒక్కటీ కిందటిదాని మీద పడలేదు.

నిన్న సాయంత్రం (అంటే ఇవాళే, చదివేది రేపు కదా) సార్ సంచి ఖాళీ చేసి ఇన్‌హేలర్ నా చేతిలో పెట్టారు. "ఇంక దాసలేనమ్మా. ఇన్నాళ్ళు దాసింది గూడా తప్పేనేమో. మీ నాయనకు సెప్పు."

"భయం సార్."

"ఆ పొద్దు మైకు ముందర నాకు లేదనుకున్నావా భయం?"

సార్, అందుకే ఈ మైకులోనే చెబుతున్నాను. అబద్ధం ఆడింది నేను. అమ్మను ఏమీ అనొద్దు నాయనా. సభ అయ్యాక సార్‌తో పాటు వచ్చి ఆ తలుపు చూడు. తర్వాత తిరుపతికి నువ్వే తీసుకుపో, డాక్టరును నువ్వే అడుగు. ఇంతసేపు విన్న మీ అందరికీ, నా ఊపిరిని సంచిలో మోసిన సార్‌కు కృతజ్ఞతలు. ఇక సెలవు.

రాసిందంతా ఒకసారి పైకి చదివాను. తలుపు కొడుతున్నారు.

"పాపా, ఎవురితో మాట్లాడతా ఉండావు? తియ్యి."

నాయన. పేజీలు పరుపు కింద పెట్టేస్తున్నా. ఇన్‌హేలర్ మాత్రం బల్ల మీదే ఉంచుతున్నా.