తొమ్మిది సెకన్లను విర్జిల్ సాగదీసిన వైనం

శనివారం కార్సన్ ఫెర్రీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయిన తీరు తల్చుకుంటే విర్జిల్ టాడ్‌లాక్‌కి సోమవారం మధ్యాహ్నానికి కూడా తిండి సహించడం లేదు. ఓడిపోవడం వాళ్ళకేమీ కొత్త కాదు. డెబ్భై ఒక్క ఏళ్ళ బతుకులో ఆయన చూసిన ఓటములు ఇన్నీ అన్నీ కావు. కానీ ఇది మరీ అన్యాయం. తేడా రెండే పాయింట్లు. బంతి అవతలివాళ్ళ గీతకి పద్దెనిమిది గజాల్లో ఉంది. ఒక్క తన్ను తంతే మూడు పాయింట్లు, ఆట మనది. గడియారంలో ఇంకా నలభై సెకన్లున్నాయి. ఆ గడియారాన్ని ఆపడానికి కోచ్ స్టాల్కప్ దగ్గర రెండు టైమౌట్లున్నాయి. చెయ్యెత్తి అడిగితే చాలు. ఆ మహానుభావుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి తెలివి వచ్చి తన్నేవాణ్ణి పరిగెత్తించాడు గానీ, పాపం వాడు మైదానం మధ్యకి చేరేలోపే సున్నా పడిపోయింది.

అలబామా రాష్ట్రంలోని ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. సోమవారం పన్నెండింటికి కోచ్ నది ఒడ్డునున్న క్యాట్‌ఫిష్ హోటల్‌కి వచ్చి, అభిమానుల సంఘంతో కలిసి భోంచేసి, అడిగినదానికి జవాబు చెప్పాలి. ఒంటిగంట కొట్టగానే లేచి ప్రాక్టీసుకి వెళ్ళిపోతాడు, ఆపే హక్కు ఎవరికీ లేదు. గెలిచిన వారం ఎవరేమైనా అడగొచ్చు. ఓడిన వారం మాత్రం ఒక్క మనిషి, ఒక్క ప్రశ్న. అతను నిలబడి ఉన్నంతసేపూ ఇంకొకరు కోచ్‌ని ఏమీ అడగకూడదు. మూడేళ్ళ కిందట అందరూ ఒక్కసారే అడగబోయి కుర్చీలు లేపుకున్నారు. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది.

ఈ వారం ఆ ఒక్క మనిషి విర్జిల్. ఆదివారం చర్చి మెట్ల మీదే సంఘం అధ్యక్షుడు హోమర్ గ్రిగ్స్‌ని పట్టుకుని, బతిమాలి, కాస్త బెదిరించి కూడా సంపాదించుకున్నాడు ఆ పని. "టైమౌట్లు రెండూ ఎందుకు వాడలేదు? ఇంతే కదా హోమర్. నాలుగే నాలుగు మాటలు. ఊరంతటి కడుపుమంటా నా గొంతులో వినిపిస్తా చూడు" అన్నాడు.

పన్నెండున్నరకి హోమర్ చెంచాతో గ్లాసు మీద టంగుమనిపించాడు. యాభై మంది ఫోర్కులు కింద పెట్టేశారు. కోచ్ స్టాల్కప్ మెడ ఎర్రబడింది. మొక్కజొన్న రొట్టె ముక్కని నోట్లో పెట్టుకుని మింగకుండా నములుతూ కూర్చున్నాడు.

విర్జిల్ లేచి ప్యాంటు పైకి లాక్కుని, గొంతు సవరించుకున్నాడు. ఇంతమంది తనవైపే చూస్తుంటే ఛాతీ దానంతటదే పొంగింది.

"కోచ్, ప్రశ్న అడిగేముందు అడిగేవాడెవడో మీకు తెలియాలి కదా. ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. డెబ్భై ఎనిమిదో సంవత్సరం, ప్లెజెంట్ హిల్ వాళ్ళతో ఆట. అప్పట్లో నేను మైదానం పక్కన గజాలు కొలిచే గొలుసు పట్టుకునేవాణ్ణి, ఈ చివర కర్ర నాది. గొలుసు పట్టుకున్నవాడు నోరు మెదపకూడదనుకోండి, అది వేరే సంగతి. ఆట ఇంకా తొమ్మిది సెకన్లుంది, మనం ఒక పాయింటు వెనక. మన పాత కోచ్ బక్ గారు నా పక్కనే అయోమయంగా నిలబడ్డాడు. నేను చిన్నగా, ఆయనకి మాత్రమే వినపడేట్టు, 'బక్ గారూ, ఆపండి' అన్నా. ఆపాడు. ఆ ఒక్క మాటే ఆ రోజు ఆటని బతికించింది."

"బాగుంది విర్జిల్. ఇక ప్రశ్న" అన్నాడు హోమర్.

"వస్తున్నా వస్తున్నా."

కోచ్ రొట్టె మింగి, కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు. "ఉండండి హోమర్ గారూ. ఇలాంటివి నాకు ఎవరు చెప్తారు? ఆ తర్వాత ఏమైంది సార్?"

సార్ అన్నాడు! కోచ్ అంతటివాడు తనని సార్ అన్నాడు. విర్జిల్ మనసు నిండిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ తొమ్మిది సెకన్లలో నాలుగు విడతలు ఆడించా. ఎలాగంటారా? సెకనుని అందరూ మొత్తంగా ఖర్చు పెట్టేస్తారు, అదే తప్పు. అంచు కోసుకుని వాడుకోవాలి. నేను కర్ర ఊపడం, బక్ గారు చెయ్యెత్తడం, మళ్ళీ ఊపడం, మళ్ళీ ఎత్తడం. టైమౌట్లు మూడూ అయిపోయాయి. ఇంకా మూడు సెకన్లు మిగిలాయి. అప్పట్లో మన మైదానంలో ముళ్ళ గడియారం ఉండేది, గుర్తుందా? దాని ముల్లు వంక ఇలా చూశా. గుడ్లురిమి చూశా. మా పశువుల దాణా కొట్లో అప్పు ఎగ్గొట్టేవాళ్ళ వంక చూసినట్టు చూశా. అంతే, ముల్లు ఆగిపోయింది."

"ఆగిపోయిందా!" అన్నాడు కోచ్.

"కదిలితే ఒట్టు! ఎంతసేపు ఆగిందంటే, వేరుశనక్కాయలమ్మేవాడు ఇంటికెళ్ళి ఇంకో దబరెడు కాయలు ఉడకబెట్టుకొచ్చి అమ్మేశాడు. బాజా వాళ్ళు తమకొచ్చిన పాటలన్నీ వాయించి, రానివి నేర్చుకుని మరీ వాయించారు. పైమెట్టు మీద ఒకావిడ తొమ్మిదో సెకనులో కొడుకుని కన్నది, మూడో సెకనుకి వాడికి పళ్ళొచ్చి శనక్కాయలు తింటున్నాడు. వాణ్ణి మీరంతా ఎరుగుదురు, పేరు చెప్పను, మొహమాటపడతాడు."

గది వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గోడ గడియారం పన్నెండూ నలభై ఎనిమిది చూపిస్తోంది. హోమర్ దాని వంకా విర్జిల్ వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. గోడ పక్క బల్ల దగ్గర మిస్ ఓడెల్ పీకన్ గింజల మిఠాయి తింటోంది. ముప్పై ఒక్క ఏళ్ళు మైదానం పైగదిలో కూర్చుని ఆట గడియారం నడిపిన మనిషి ఆమె. తల ఎత్తలేదు.

"విర్జిల్, నీకు దణ్ణం పెడతా, ఆ నాలుగు మాటలు అనెయ్" అన్నాడు హోమర్.

"అంటున్నా కదయ్యా! మరి తన్ను సంగతి చెప్పొద్దూ?"

"చెప్పాలి, చెప్పాలి" అన్నాడు కోచ్. "ఎన్ని గజాల నుంచి తన్నారు? గాలి ఎటు నుంచి వీస్తోంది?"

"అదీ! అడగాల్సింది అడిగారు. మనిషన్నాక ఆటంటే ఇలా ఆసక్తి ఉండాలి. తొంభై గజాలు. పడమటి గాలి. బంతి లేచింది, గోలు కర్రలు దాటింది, మన పత్తి మిల్లు దాటింది, నది దాటి పక్క రాష్ట్రం జార్జియాలోకి వెళ్ళిపోయింది. అక్కడ గడియారం మనకంటే గంట ముందుంటుందని తెలుసుగా?"

"అయితే మనకి గంట పోయినట్టేగా?" అన్నారెవరో ఉండబట్టలేక.

"పోయేటప్పుడు పోయిందయ్యా, నేనూ బెంగపడ్డా. కానీ గాలి తిరగబడింది. బంతి వెనక్కొచ్చింది. అలబామా గట్టు మీదికి రాగానే ఆ గంట మనకి తిరిగొచ్చిందా లేదా? వచ్చిన గంటని నేను వదుల్తానా? తీసుకెళ్ళి గడియారంలో పడేశా. మూడు సెకన్లున్న చోట గంటా మూడు సెకన్లు! ప్లెజెంట్ హిల్ వాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. మేం మధ్యలో లేచి భోంచేసొచ్చి మళ్ళీ ఆడాం. రెండు వందల పద్నాలుగు, ఏడు. ఇంకా ఇరవై నిమిషాలు మిగిలిపోతే నేనే వాళ్ళ కోచ్‌కిచ్చి పంపా. వచ్చే వారం పనికొస్తుంది, ఉంచుకో నాయనా అని. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. నలభై ఏడేళ్ళయింది, నాలాంటి గడియారం పనివాడు ఈ దేశంలో మళ్ళీ పుట్టలేదు. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, ఉన్న మాట. అందుకని కోచ్, ఇప్పుడు నా ప్రశ్నేమిటంటే..."

కోచ్ స్టాల్కప్ లేచి నిలబడ్డాడు. గోడ గడియారంలో ఒంటిగంట.

"అయ్యయ్యో, కుర్రాళ్ళు ఎదురుచూస్తుంటారు" అన్నాడు. విర్జిల్ చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని ఊపాడు. "సార్, ఈ ఊరొచ్చాక ఇంత మంచి సోమవారం నాకు దొరకలేదు." టోపీ పెట్టుకుని, ఎడమకీ కుడికీ నవ్వుతూ తలూపుకుంటూ బయటికి నడిచాడు. అతని బండి కంకర మీద కరకరలాడుతూ వెళ్ళిపోయింది.

యాభై మందీ విర్జిల్ వంక చూశారు. హోమర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

విర్జిల్ ఇంకా నిలబడే ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది. "విన్నారా, నన్ను సార్ అన్నాడు! ఎంత శ్రద్ధగా విన్నాడో చూశారు కదా! రాసిపెట్టుకోండి, వచ్చే శనివారం చూడండి గడియారాన్ని ఎలా వాడతాడో."

మిస్ ఓడెల్ మిఠాయి ఆఖరి ముక్క తినేసి, మూతి తుడుచుకుంది.

"విర్జిల్, ఆ ప్లెజెంట్ హిల్ ఆటకి గడియారం నడిపింది నేనే. తొమ్మిది సెకన్లు తొమ్మిది సెకన్లలోనే అయిపోయాయి. పోనీలే, ఎవరికి నష్టం?"

"మిస్ ఓడెల్, మీరు పైగదిలో ఉన్నారు, కింద ఏం జరిగిందో మీకేం..."

"కూర్చో బాబూ. ఆయన ఎలా వాడతాడో చూడ్డానికి శనివారం దాకా ఎందుకు? మన దగ్గర ఉన్నది అరగంట, ఒక ప్రశ్న. ఆయన చెయ్యాల్సిందల్లా ఒంటిగంట దాకా గడపడం. నాకు గుర్తున్నంతలో స్టాల్కప్ గడియారాన్ని సరిగ్గా వాడింది ఇవాళ ఒక్కరోజే." ఆమె చేతిసంచీ తీసుకుని లేచింది. "అది కూడా నీ నోటితో."