జంగమ్మ బండి మీది ముగ్గు

ఏందే అశ్వినీ, మొకం గట్ల వెట్టుకున్నవ్? ఏమన్నడు మీ నాయిన? ఆఁ? "ఆడపిల్లకు గంత దమ్మున్న స్కూటరెందుకు, దమ్మే కావాలంటె మోటర్‌సైకిల్ తీస్కుందాం, ఇంట్ల అందరికీ పనికొస్తది" అన్నడా? అందరికీ అంటె ఎవరికమ్మా? ఆయనకు! నేను కన్న కొడుకే గదా, నాకు తెల్వదా పాండుగాడు? దినాం వికారాబాద్ నౌకరికి పోయేది నువ్వు, జీతం నీది, అనంతగిరి గుట్ట మీది ఘాటు రోడ్డు ఎక్కి దిగేది నువ్వు. బండి మీద ఊరంత తిరిగొచ్చేది ఆయన. రేపు తాండూరు షోరూముల ఖాయం జేస్తడట, చెయ్యనియ్యి చూద్దాం. ఇటు రా, కూసో. గీ కందులు చెరుగుకుంట చెప్త. జంగమ్మ ముచ్చట నీకెప్పుడన్న చెప్పిన్నా? లేదా? అగో, ఇంత పెద్దగయి నీకు జంగమ్మే తెల్వకపాయె! మా యారాలు బిడ్డా, మీ చిన్నతాత దశరథ్ పెండ్లాం. నువ్వు చేతుల పాపవున్నప్పుడు పోయింది. నల్లగ, సన్నగ, నవ్విందంటె ఇంటికప్పు లేచిపోయేది. గా మంచం మీద నిద్రపోయినట్టు నటిస్తుండు చూడు మీ తాత దేవప్ప, ఆయన చెవులు రెండూ ఇటే ఉన్నయి. ఉండనియ్యి, ఆయన కథ గూడ ఇందులనే ఉన్నది.

అప్పట్ల దశరథ్ గొర్లను దోల్కొని కర్ణాటక దిక్కు పోతె నెలలకు గాని రాకపోయేది. ఇంటికాడ బర్లు, పాలు, అంత జంగమ్మే. వికారాబాద్‌ల పరమేశ్ సేటు హోటలుకు పాలు పొయ్యాలె. తీస్కపోవాలంటె ఎవరు? మీ తాత. ఆయనకొక మోటర్‌సైకిల్ ఉండె, దాన్ని నా కంటె ఎక్కువ తుడిశేటోడు. ఆఁ, నిజమే అంటున్న! రెండు దిక్కుల రెండు పాలక్యాన్లు యేలాడదీసేది. మరి జంగమ్మ యాడ కూసోవాలె? బావకు తాకొద్దు గదా. పాపం, ఎనక క్యారియర్ కొసకు, ఒక్క చెయ్యి క్యాను మీద, ఒక్క చెయ్యి కొంగు మీద వెట్టి, ఒకపక్కకు కూసునేది. గుంత వస్తె సగం గాలిల ఉండేది పిల్ల. ఈయనేమో ధారూర్‌ల ఆగుడు, చాయ్ తాగుడు, కనవడ్డోనితోని రాజకీయం మాట్లాడుడు. "బావా, పొద్దెక్కుతుంది" అంటె "ఏయ్, ఆగు జర, మగోళ్లు మాట్లాడుతుంటె ఏంది" అనేటోడు. ఎండకు పాలు ఇరిగేటియి. ఒకసారి, రెండుసార్లు, ఇగ పరమేశ్ సేటు చెప్పేశిండు. "అమ్మా, నీ పాలు మంచివే, నువ్వు మంచిదానివే. కానీ గిట్ల ఆలస్యమైతె నేను వేరేటోళ్ల దగ్గర తీస్కుంట." ఆ దినం జంగమ్మ ఇంటికొచ్చి అన్నం తినలే. ఇరిగిన పాలను చూస్కుంట కూసున్నది. నేను పోతె అన్నది, "అక్కా, పాలు ఇరగలే. నా బతుకును ఎవరో ఒగని చాయ్ కాడ ఆపుతున్నరు" అని.

మరి ఏం జేసిందనుకున్నవ్? ఏడ్వలే, మొక్కలే. నర్సు పద్మారాణి ఉండె, మన ఊరి దవాఖానల. ఆమె పాత స్కూటర్ మీద ఎండిన చెరువుల పొద్దుగాల పొద్దుగాల నేర్సుకున్నది. మోకాళ్లు పగిలినయి, మోచేతులు గీరుకపోయినయి, ఎవ్వరికి చెప్పలే. ఒకనాడు తాండూరు పోయి, కొత్త బండి తెచ్చింది. ఓయమ్మా! గేర్లు లేని స్కూటరు, షోరూముల ఉన్నయాటిల అన్నిటికంటె దమ్మున్నది. నేనన్న, "చిన్నది తీస్కుంటె సరిపోదా?" అని. "అక్కా, చిన్నది నన్నొక్కదాన్నే గుంజుతది. నన్నూ, క్యానునూ, నిన్నూ గుంజుకుంట ఘాటు ఎక్కాలె గదా. మోటర్‌సైకిలైతె కాలు మీదికెల్లి ఎయ్యాలె, చీర మోకాళ్లకొస్తది, ఊరంత నా పిక్కలు చూస్తది. ఇదైతె గడప దాటినట్టు దాటి కూసోవచ్చు. క్యాను కాళ్ల నడుమ నిలవెడ్త, కిందనే ఉంటది, ఊగదు." గంత ఆలోచన జేసింది బిడ్డా!

ఇగ మన ఇంటి మర్యాద ఉన్నది గదా, కొత్త బండిని నిమ్మకాయల మీదికెల్లి ముందుగాల ఇంటి మగోడు తోలాలె. దశరథ్ లేడు. ఇగ మీ తాత లేశిండు! కండువ సర్దుకున్నడు. "ఇది ఆడోళ్ల బండి, దీనికేం దమ్ము, చూస్కోండి" అన్నడు. ఎక్కిండు. ఎడమ చేతి కింద ఏముంటది? ఆయన మోటర్‌సైకిల్‌కు క్లచ్ ఉంటది. దీనికి బ్రేకు! ఈయనకది తెల్వదు. క్లచ్ అనుకోని గట్టిగ వట్టిండు, కాలుతోని గేరు కోసం కింద తడుముతుండు, కుడిచేత్తోని రేసు నిండా తిప్పిండు. బండి గర్ర్ అంటుంది, కదల్తలేదు. "చూశిండ్రా, పనికిరాదు" అన్నడు. అనుకుంట ఎడమచెయ్యి మెల్లగ ఇడిశిండు... అబ్బబ్బ! ఎగిరింది బిడ్డా! నిమ్మకాయల మీదికెల్లి కాదు, పక్కకెల్లి, సక్కగ మన పెంటకుప్పలకు! బండి సగం, మీ తాత సగం. నిమ్మకాయలకేం గాలే, గట్లనే ఉన్నయి. నవ్వకు, నవ్వకు, మంచం కదుల్తుంది చూడు! లేశి, మీసాలకున్న పేడ దులుపుకుంట ఏమన్నడు? "అపశకునం. గీ బండి అచ్చిరాదు. వాపస్ ఇచ్చి మోటర్‌సైకిల్ తెద్దాం" అన్నడు. నలుగురు పెద్దమనుషులు గూడ తలకాయలు ఊపిండ్రు. పెంటలవడ్డది ఈయన, అచ్చిరానిది బండి!

జంగమ్మ బండి కడిగింది. "బావా, రేపు పొద్దుగాల పాలు తీస్కొని ఘాటు ఎక్కుత. ఎక్కకపోతె నువ్వే తీస్కపోయి వాపస్ ఇయ్యి" అన్నది. తెల్లారి కాళ్ల నడుమ క్యాను, ఎనక నేను, నా ఒడిల ఇంకొక చిన్న క్యాను. మా ఎనక మీ తాత, బండి ఆగిపోతె చూసి నవ్వుదామని, మోటర్‌సైకిల్ మీద. ఘాటు మొదలైంది. ముందట తాండూరు బండల లారీ, నత్తలెక్క పోతుంది. మలుపు కాడ లారీ ఇంక మెల్లగైంది. మీ తాత గేరు దించుతుండు, క్లచ్ ఇడుస్తుండు, బండి టక్కన బంద్! కిక్కు కొడ్తుండు, ఎనకకు జారుతుండు, ఎనకాల బస్సోడు హారన్! మా జంగమ్మ? మలుపు దాటి రోడ్డు సాఫ్ గనవడంగనే చెయ్యి తిప్పింది, గంతే. జుయ్యిమన్నది బండి! నా కొంగు గాలికి జెండాలెక్క లేశింది. "అక్కా, నన్ను గట్టిగ పట్టుకో" అని ఒకటే అరుసుడు, ఒకటే నవ్వుడు. నేను గూడ అరిశిన! దేవుని పేరు ఒకటి, తిట్టు ఒకటి, ఏమేం అన్ననో నాకే తెల్వదు. పెండ్లయిన కాన్నుంచి గంత గట్టిగ నోరు తెరిశింది గా దినమే. వికారాబాద్‌ల పరమేశ్ సేటు ఇంక పొయ్యి ముట్టియ్యనే లే, మేం పాలు దించినం. "ఎవరు తెచ్చిండ్రమ్మా ఇంత జల్ది?" అన్నడు. జంగమ్మ చెంప మీద దుమ్ము తుడుసుకోని, "నేనే" అన్నది.

ఇగ అసలు ముచ్చట ఇను. బండి ఘాటు ఎక్కిందని ఊరంత తెల్వంగనే మగోళ్ల నోట్లె నీళ్లూరినయి. "జంగమ్మా, జర బండియ్యి, తాండూరు పోయొస్త." "వదినే, పెండ్లి చూపులున్నయి." మీ తాతైతె అడుగుడే లేదు, తాళంచెవి తీస్కొని పోవుడే! మళ్ల పాలకు ఆలస్యం. మళ్ల పరమేశ్ సేటు మొకం మాడ్సుడు. కాదంటె మర్యాద లేనిదంటరు, ఇస్తె పాలు ఇరుగుతయి. అప్పుడేం జేసిందో తెల్సా? గులాబీ రంగు, పసుపు రంగు తెచ్చి బండి ముందటి నుంచి ఎనకదాక ముగ్గేసింది. తీగలు, పువ్వులు, చిలుకలు. అద్దాలకు గాజులు గట్టింది. సీటుకు అంచున్న చీరగుడ్డ తొడిగింది. ఒక్కటంటె ఒక్క మగోడు ముట్టలే బిడ్డా! మీ తాత ఒక్కసారి తెగించి పోయిండు తాండూరుకు. కూరగాయల మార్కెట్ల ఎవడో "ఏం దేవప్పా, బోనాలకా?" అన్నడట. బండి గాడ్నే నిలవెట్టి బస్సుల వచ్చిండు! జంగమ్మ పోయి తెచ్చుకున్నది, నవ్వుకుంట.

నాలుగేండ్లు తోలింది. కామెర్లొచ్చి పోయింది. దవాఖానకు గూడ గా బండి మీదనే పోయింది, నా ఎనక కూసోని... అవును, నేనే తోలిన, జంగమ్మే నేర్పింది. ఇంకెవరు తోల్తరు? ఘాటు కాడ నా భుజం మీద తలకాయ వెట్టి, "అక్కా, ఇంక తిప్పు, ఇంక తిప్పు, దమ్మున్నది దాంట్లె" అన్నది. తిప్పిన. ఎంత తిప్పినా...

ఏమయ్యో! లే ఇగ, ఎంత సేపు నిద్ర నటిస్తవ్? పొయ్యి మీద అన్నమున్నది, మాడకుండ చూడు. అశ్వినీ, పోయి నీ జీతం కాయితాలు, ఆధారు గీదారు తీస్కరా. షోరూముకు పాండుగాడు రేపు గదా పోతనన్నది? మనం ఇయ్యాల్నే పోదాం పద.