గోడవైపు జాలీ

కాదయ్యా హబీబూ, ఆ కటింగ్ మిషను కాస్త ఆపు. గోడవైపున్న ఈ ఇనప జాలీ కోసెయ్యమన్నది నేనే, కాదనట్లేదు. పెట్టించిన చేత్తోనే తీయిస్తున్నానంటే ఎంత కడుపుమంటో నీకేం తెలుసు? కూర్చో. ఆ రెండో కుర్చీలోనే కూర్చో, ఇంతవరకూ దాంట్లో ఎవరూ కూర్చోలేదు.

ఊళ్లో వేళాకోళమైపోయాను. పెరట్లో గచ్చు మీద చెక్కలు పరిపించానా, దానిపైన నీచేత ఇనప పైపులతో పెర్గోలా వేయించానా... ఎ.కొండూరు నుంచి మా బావమరిది వచ్చి, తలెత్తి చూసి, రేకులు ఎప్పుడొస్తాయి బావా అన్నాడు. రేకులుండవురా, సందులు సందులుగా ఉండటమే దీని అందం అని ఫోన్లో బొమ్మలు చూపించా. ఏం అందమో! మధ్యాహ్నం కూర్చుంటే ఒంటి మీద ఎండ చారలు చారలుగా పడుతుంది. తిరువూరు ఎండ మరి. మీ పిన్నిగారు ఒక్కటే అడిగింది, పందిరేసి ఆకులు మర్చిపోయారేంటండీ అని.

ఆవిడ కోసమే కదయ్యా వేయించింది! ఎరువుల దుకాణం మా అబ్బాయి సాయికుమార్‌కి అప్పజెప్పేశాను కదా. ఇన్నేళ్లూ సాయంత్రమంటే నాకు గల్లాపెట్టే, బస్తాలూ. ఇల్లు చేరేసరికి ఆవిడ కునికిపాట్లు పడుతూ అన్నం వడ్డించేది. ఇకనైనా ఇద్దరం ఇక్కడ కూర్చుని టీ తాగుతూ నాలుగు కబుర్లు చెప్పుకుందాం అనుకున్నా. తప్పా?

ఇంట్లో ఉన్నాకే గదా తెలిసింది. పొద్దు వాలేసరికి ఆవిడ ఈ గోడకి ఇటు, మీ అమ్మ షరీఫాబీ అటు. ఇటు నుంచి పచ్చడి గిన్నె వెళ్తుంది, అటు నుంచి సేమ్యా గిన్నె వస్తుంది. మధ్యలో నవ్వులు. మా ఆవిడకి అలా నవ్వడం వచ్చని నాకు తెలీదయ్యా, నిజంగా. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని, ఊపిరాడక నవ్వేది. నేను వెళ్తే ఠక్కున ఆగిపోయేది. ఏంటి సీతామాలక్ష్మీ అంటే, ఏం లేదండీ అనేది.

అందుకే గోడవైపు జాలీ కట్టమన్నా. సరిగ్గా వాళ్లు నిలబడే చోట, నిలువెత్తున, గిన్నె కూడా పట్టని సన్న గళ్లతో. అక్కడ మా అమ్మ... అంటూ నువ్వు నసిగావు కూడా. మల్లెతీగ పాకించాలి, నీకు తెలీదు ఊరుకో అన్నాను.

మల్లె లేదు, గిల్లె లేదు.

తర్వాత ఏమైందో చూశావుగా. మహాతల్లి, నా చేతికి టీ ఇచ్చింది, చెప్పులేసుకుంది, వీధిలోంచి చుట్టూ తిరిగి మీ ఇంటికెళ్లింది. ఇదివరకు నిలబడి చెప్పుకునే కబుర్లు ఇప్పుడు మీ నవారు మంచం మీద తీరిగ్గా కూర్చుని చెప్పుకుంటున్నారు. దీపాలు పెట్టే వేళ దాటినా రాదు. నేనేమో ఈ పైపుల కింద, ఖాళీ కుర్చీ పక్కన, కాపలావాడిలా.

అంతకుముందు కనీసం మా పెరట్లో ఉండేది.

సరే, చెప్పేస్తా. కుళ్లు. మీ అమ్మ మీద కుళ్లు నాకు. ఇంత వయసొచ్చి, నేను చెల్లెమ్మా అని పిలిచే మనిషి మీద కుళ్లుకున్నాను. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నాతో ఒక్కసారీ అలా నవ్వలేదయ్యా ఆవిడ.

ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పు. మీ ఇంట్లో కూర్చుని కూడా అలాగే నవ్వుతున్నారా?

దేని గురించి?

అటు చూస్తావేంటి? నా గురించేనా?

ఈ పెర్గోలా గురించా?

ఊఁ, అదేనన్నమాట.

సరేలే, కోసెయ్. ఈ జాలీ మొదలంటా తీసెయ్. నా కుర్చీ తలుపు లోపలికి జరుపుకుంటా, వాళ్లకి కనపడకుండా. నా మీదైతేనేం, ఆ నవ్వు మా ఇంట్లో వినపడితే చాలు.