ఎగిరే ఫొటో

మైలవరం డ్యాం పక్కన శనగచేలో వలస బాతులు మేస్తున్నాయి. చేను గల పెద్దాయన వాటిని తోలడానికి పళ్లెం వాయించబోతే, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కెమెరా అబ్బాయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"రోంతసేపు ఆగు మామా. చలికాలమంతా వీటికోసమే తిరుగుతాండా."

"నువ్వు ఆగమంటాండావు, ఆడ నా శనగలు హిమాలయాలకు పోతాండాయి. పోయినేడాది నా తలగుడ్డ ఎత్తుకపోయిన బాతు, ఈ యేడు ఉతికి తెచ్చిచ్చిందప్పా."

"నవ్వించొద్దు మామా, కెమెరా కదుల్తాది. అన్నీ ఒక్కసారే ఎగిరే ఫొటో కావాల నాకు."

"ఎగరాల్నా? ఆ మాట ముందే చెప్పకూడదా?"

పళ్లెం మోగింది. బాతులన్నీ గుంపుగా లేచి, గట్టు దాటి పక్క చేలో వాలాయి.

"బ్రహ్మాండంగా వచ్చింది మామా. ఆ చేను ఎవరిది?"

"మా బామ్మర్దిది. పో, ఆడ ఎంతసేపన్నా నిదానంగా తీసుకో. ఇంక తొందరేముంది?"