నిచ్చెనకి కట్టిన సాక్సు

(పెరట్లో ఈతకొలను గట్టు. పొద్దున్నే, భార్యాభర్తలు.)

“మళ్ళీ అదే రంగు. ఏమండీ, ఇటొచ్చి ఈ నీళ్ళ పరీక్ష స్ట్రిప్పు చూడండి.”

“కాఫీ తాగనీ. స్ట్రిప్పులు పాతవేమోలే.”

“నిన్న తెచ్చినవి. క్లోరిన్ బానే ఉంది. స్టెబిలైజరే కొండెక్కి కూర్చుంది.”

“మంచిదేగా? అది క్లోరిన్ని ఎండ నుంచి కాపాడుతుందని నువ్వే అన్నావు.”

“కాపాడమంటే కొంగు చాటున దాచేయమని కాదు. మీ అమ్మగారి గారంతో మీరెలా తయారయ్యారో, క్లోరినూ అలాగే తయారైంది. ఉందంటే ఉంది, పని మాత్రం చేయదు. చూడండి, నీళ్ళు అప్పుడే పచ్చబడుతున్నాయి.”

“మధ్యలో మా అమ్మేం చేసింది?”

“ఆవిడేం చేయలేదు. మీరేం చేశారు?”

“నేనా? నేనేం చేస్తాను? ఎండలు... ఈ ఎండలకి...”

“ఎండలకి క్లోరిన్ తగ్గుతుంది. స్టెబిలైజర్ దానంతటది పెరగదు. ఎవరో ఒకరు వెయ్యాలి.”

“సరే, ఇప్పుడేం చేద్దాం? ఏదన్నా మందు...”

“దీనికి మందు లేదు. సగం నీళ్ళు తోడేసి, కొత్త నీళ్ళు నింపుకోవాలి.”

“అయ్యయ్యో! సగమే! ఆదివారం పాప స్నేహితులంతా వస్తున్నారు కదా! ఆలోపు నిండదంటావా?”

“మన పంపు ధారకా? నిండదు.”

“చ్చొచ్చొ. అంటే లోతు వైపు కూడా నడుం దాకానే. ఇంక దూకడాలవీ కుదరవు. ఏం చేస్తాం, మన ఖర్మ.”

“బాధపడేవాళ్ళు ఈల వెయ్యరండీ.”

“నేనెక్కడ వేశాను?”

“ఇప్పుడే. కాఫీ ఊదుకున్నానని చెప్పకండి, కప్పు ఖాళీ.”

“అలవాటులే. ఏదో...”

“నిచ్చెనకి మీ ఆఫీసు సాక్సు కట్టి ఉందేం?”

“అదా? ఉతికి ఆరేశాను.”

“నీళ్ళ లోపలా?”

“జారి పడుంటుంది.”

“జారి పడి, తన మూతికి తనే ముడేసుకుందా?”

“ఆ స్టెబిలైజర్ పొడి గబుక్కున కరగదు, సాక్సులో పోసి వేలాడదియ్యాలని డబ్బా మీదే రాసుంటే...”

“అదీ! ఇప్పుడు నోట్లోంచి ఊడిపడింది.”

“ఛ. దొరికిపోయాను.”

“ఎందుకండీ ఇలాంటి పని?”

“ఏం చెప్పను? నాకు ఈత రాదు.”

“ఈతా? రాదా?”

“నవ్వకు.”

“నవ్వట్లేదు. చెప్పండి.”

“పాప చిన్నప్పుడు అన్నం తినకుండా పేచీ పెడితే కథలు చెప్పాను కదా. మీ నాన్న ఒంటి చేత్తో నది ఈదాడు, రెండో చేత్తో మేకపిల్లని పట్టుకున్నాడు అని. ముద్ద ముద్దకీ ఆ నది వెడల్పయిపోయింది. ఇప్పుడది క్లాసంతా టాంటాం వేసేసింది. ఆదివారం అందరి ముందూ నేను లోతు వైపు దూకుతానట! నేను నీళ్ళలో గుటకలు మింగుతుంటే అది నా మొహం చూస్తుందే. ఆ చూపు నేను తట్టుకోలేను. నీళ్ళు సగమైతే నిలబడి చేతులాడించి బయటపడొచ్చని...”

“దానికి నిజం చెప్పేస్తే పోయేది కదా?”

“ఎలా చెప్పను? ఇన్నేళ్ళయినా నీకే చెప్పలేదు.”

“నాకు చెప్పాలా? నెత్తిన చెంబుడు నీళ్ళు పోసుకోడానికే ముక్కు మూసుకునే మనిషి, నది ఈదాడంటే నమ్మడానికి నేను అన్నం ముద్ద కోసం కూర్చున్న పిల్లనా?”

“నీకు తెలుసా? తెలిసీ పొద్దుట్నించీ నన్నిలా ఉతికి ఆరేస్తున్నావా? ఒక్క డబ్బా పొడి వేసినందుకు?”

“ఉతకడం కాదండీ. లెక్క తెగక అడిగాను. ఒక్క డబ్బాకి ఇంత పెరగదు.”

“నీ మీద ఒట్టు. నేను వేసింది ఒక్కటే.”

“నమ్ముతున్నాను. మొదటి డబ్బా నేనే వేశాను. పాప కోసమని మీరు నిజంగా దూకేస్తే నేనేమైపోవాలి?”