బ్రూజ్‌కి వెళ్దామన్నది నేనే

తేదీ 22 జనవరి 2007, సోమవారం. ఢిల్లీ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు గారి గదిలో ఉదయం 11.20కి మొదలుపెట్టి నమోదు చేసినది. చెప్పినవారి కోరిక మీద తెలుగులో. కోర్టు ఏర్పాటు చేసిన దుబాసీ హాజరు. పోలీసులు గదిలో లేరు.

నా పేరు కృష్ణకుమారి. భర్త పేరు రఘునందన్, కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. నా వయసు నలభై ఆరు. వృత్తి కూచిపూడి నాట్యం నేర్పడం. మా స్వస్థలం కాకినాడ. ఆర్.కె.పురంలో ప్రభుత్వ క్వార్టర్లో ఉంటున్నాం. హిందీ మాట్లాడగలను. కానీ ఈ విషయం హిందీలో చెబితే తప్పు తక్కువగా వినిపిస్తుందేమోనని తెలుగులో చెబుతానన్నాను.

నేను చెప్పేది నా మీదికే రావచ్చని, చెప్పకపోయినా ఎవరూ బలవంతం చెయ్యరని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని ఒక గంట బయట కూర్చోబెట్టారు. ఆలోచించుకున్నాను. చెబుతాను.

లక్ష్మీపతి నాకు 2004 నుంచి తెలుసు. సొంతూరు శ్రీకాకుళం దగ్గర. సివిల్స్ పరీక్షలు రాయడానికి ఢిల్లీ వచ్చి కటవారియా సరాయ్‌లో గది తీసుకుని ఉండేవాడు. మా అమ్మాయికి లెక్కలు చెప్పేవాడు. మా ప్రోగ్రాములకి ఆహార్యం పెట్టెలు మోసేవాడు, మోయమని మేము అడగకపోయినా. 2006 మేలో ఫలితాలొచ్చాయి. అది అతని ఆఖరి ప్రయత్నం. అతని పేరు లేదు. ఆ తర్వాత కూడా మా ఇంటికి వచ్చేవాడు, కానీ మాట్లాడేవాడు కాదు. మా అమ్మాయి పక్కన కూర్చుని లెక్క చేస్తూ మధ్యలో ఆగిపోయేవాడు.

జూన్‌లో బ్రస్సెల్స్‌లోని ఒక భారతీయ సంఘం నుంచి నా బృందానికి ఆహ్వానం వచ్చింది. ఆ మాట విని అతను, "మేడం, ఒక్కసారి ఎక్కడికైనా వెళ్ళి రావాలని ఉంది," అన్నాడు. వెళ్ళి రావాలనే అన్నాడు. వీసా కాగితాల్లో అతను మూడేళ్ళుగా నా బృందంలో సహాయ గాయకుడని రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం. అతనికి శ్రుతి నిలవదు. అక్కడ రెండు ప్రదర్శనల్లోనూ అతని ముందు మైకు పెట్టించాను, స్విచ్ వెయ్యనివ్వలేదు. అందరినీ తిరిగి తీసుకొస్తానని రాసిచ్చిన కాగితం మీద కూడా సంతకం నాదే.

మొత్తం ఏడుగురం వెళ్ళాం. నేను, లక్ష్మీపతి, మృదంగం వాయించే రాజగోపాల్ గారు, నలుగురు ఆడపిల్లలు. రాజగోపాల్ గారు తపాలా శాఖలో చేసి రిటైరయ్యారు. వయసు అరవై ఒకటి. పద్దెనిమిదేళ్ళుగా నాకు వాయిస్తున్నారు. వయసులో పెద్దవారైనా నన్ను "అమ్మా" అనే పిలుస్తారు.

సెప్టెంబరు 23, శనివారం, మూడో ప్రదర్శన ఉండాలి. ఉదయం 8.40కి ఫోనొచ్చింది. హాల్లో కరెంటు పాడైంది, ప్రదర్శన లేదన్నారు. మర్నాడు పొద్దున్నే మా విమానం. అందరం టిఫిను బల్ల దగ్గరే ఉన్నాం. నేను, "ఎటైనా పోదాం పదండి," అన్నాను. హోటల్ కౌంటర్లో అమ్మాయిని అడిగితే, బ్రూజ్ అని పాత ఊరుంది, ఊరంతా కాలవలు, రైల్లో గంట, అంది. అడిగింది నేను. వెళ్దామన్నది నేను. రాజగోపాల్ గారికి మోకాలి నొప్పి, "నేను గదిలో పడుకుంటానమ్మా," అన్నారు. బలవంతంగా లేవదీసింది కూడా నేనే. లక్ష్మీపతి పళ్ళెంలో రొట్టె అలాగే వదిలేసి, మేడ మీదికెళ్ళి భుజానికి సంచీ తగిలించుకుని వచ్చాడు.

పదకొండు దాటి పది నిమిషాలకు బ్రూజ్‌లో దిగాం. స్టేషన్ నుంచి నడిచాం. ఎర్ర ఇటుకల ఇళ్ళు, ఇళ్ళ గోడలు తిన్నగా నీళ్ళలోకి దిగి ఉన్నాయి. దీపు అనే నా శిష్యురాలు, "మ్యామ్, బోట్ మేఁ చలేఁ?" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. పడవెక్కాం, అరగంట తిరిగాం. వంతెనలు ఎంత కిందికి ఉన్నాయంటే తల వంచాలి. ప్రతి వంతెన దగ్గరా పిల్లలు అరుస్తూ తల వంచారు, నేనూ వంచాను. ఊరి మధ్య గోపురం మీద గంటలు పాట వాయించాయి. రాజగోపాల్ గారు మోకాలి మీద తాళం వేస్తూ, "తాళంలో ఒక అక్షరం జారిందమ్మా," అని నవ్వారు. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. పెళ్ళయిన తర్వాత వంట చెయ్యకుండా, పాఠం చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా ఊరికే ఒక ఊరికి వెళ్ళడం అదే మొదటిసారి. ఇది కేసుకి అవసరం లేదేమో. అయినా రాయమని అడుగుతున్నాను.

మధ్యాహ్నం రెండున్నరకి పిల్లలు లేసు అల్లే దుకాణంలోకి వెళ్ళారు. రాజగోపాల్ గారు లోపల కుర్చీ దొరికితే కూర్చున్నారు. నేనూ లక్ష్మీపతీ బయట వంతెన దగ్గర నిలబడ్డాం. అందరి పాస్‌పోర్టులూ నా మెడలో గుడ్డ సంచీలో ఉన్నాయి.

"మేడం, నా పాస్‌పోర్టు ఇస్తారా?" అన్నాడు.

"ఎందుకు?"

"ఊరికే. కాసేపు నా దగ్గర ఉంచుకుంటాను."

నేనతని ముఖం చూశాను. అతను నీళ్ళకేసి చూస్తున్నాడు. అటే చూస్తూ, "నేను కనబడకపోతే మిమ్మల్ని ఏమైనా అంటారా మేడం?" అని అడిగాడు.

నేను సంచీ తీసి, ఏడింటిలో అతనిది వెతికి ఇచ్చాను. "సాయంత్రం మళ్ళీ ఇచ్చెయ్యి," అన్నాను. ఆ మాట అతని కోసం అన్నది కాదు. తర్వాత ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నా కోసం అన్నది.

మేజిస్ట్రేటు గారు అడిగిన మీదట చెబుతున్నాను. పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు అతను తిరిగి రాడని నాకు తెలుసు. అనుమానం కాదు, తెలుసు. వద్దని ఒక్క మాట అంటే ఆగిపోయేవాడు. అనలేదు. ఎందుకు అనలేదని మేజిస్ట్రేటు గారు అడిగారు. ఢిల్లీకి తిరిగొచ్చి మళ్ళీ ఆ గదిలోనే అతను ఏం చేస్తాడో నాకు తోచలేదు. వెళితే బాగుపడతాడనుకున్నాను. ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఏం తింటాడు అన్నది నేను ఆలోచించలేదు. అతను చలికోటు కూడా తెచ్చుకోలేదు. అది చూశాను. చూసి కూడా ఇచ్చాను.

ఎవరికి తోచినట్టు వాళ్ళం ఊరు చూసి అయిదింటికి గంటల గోపురం కింద కలవాలని అందరం అనుకున్నాం. అయిదు నలభై వరకు నిలబడ్డాం. దీపు, "లక్ష్మీపతి భయ్యా కహాఁ హై?" అని అడిగితే, ముందే స్టేషన్‌కి వెళ్ళాడని చెప్పాను. స్టేషన్‌లోనూ లేడు. రాజగోపాల్ గారు, "అమ్మా, పోలీసులకి చెబుదాం. ఊరు కాని ఊరు, కుర్రాడికి ఏమైందో," అన్నారు. నేను, "ఇప్పుడు పోలీసులంటే రేపటి విమానం పోతుంది. ఆడపిల్లల తల్లిదండ్రులకి నేనేం చెప్పను?" అన్నాను. "అలాగేనమ్మా," అన్నారు. ఆయన నేను చెప్పిన మాట ఎప్పుడూ కాదనలేదు. లక్ష్మీపతీ ఆయనా ఒకే గదిలో దిగారు. ఆ గదిలో మిగిలిన అతని సూట్‌కేసు ఆయనే సర్ది, ఊళ్ళో అతని ఇంట్లో వాళ్ళకి అప్పగిద్దామని ఢిల్లీకి మోసుకొచ్చారు. ఎంబసీకి చెప్పలేదు. ఢిల్లీలో దిగాక కూడా నేనెవరికీ చెప్పలేదు.

లక్ష్మీపతి చెల్లెలు సునంద నోయిడాలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమెతో, చెప్పకుండా జారుకున్నాడమ్మా అన్నాను. అక్టోబరు 3న ఆమె పోలీసు ఫిర్యాదు ఇచ్చింది. సెలవు దొరికిన ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది. వచ్చి, ఆ రోజు అన్నయ్య ఏ చొక్కా వేసుకున్నాడు, ఏం తిన్నాడు, నవ్వాడా అని అడిగేది. అన్నిటికీ నిజమే చెప్పాను, ఒక్కటి తప్ప.

నవంబరు 5, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు ఆమె మా హాల్లో కూర్చుని టీ తాగుతోంది. ఫోను మోగింది. నేనే తీశాను.

"మేడం, నేను," అన్నాడు. గొంతు జలుబు చేసినట్టుంది. "మేడం, సునందకి..." అని ఏదో అనబోయాడు.

నేను, "రాంగ్ నంబర్," అని పెట్టేశాను.

సునంద తలెత్తి, "ఎవరండీ?" అంది. ఎవరో అన్నాను. ఆమె కప్పు కడిగి పెట్టి, నాకు దండం పెట్టి వెళ్ళింది. మళ్ళీ ఫోను రాలేదు. ఫోను మీద పడిన నంబరు, బెల్జియం కోడ్ 32తో మొదలయ్యేది, పంచాంగం వెనక అట్ట మీద రాసుకున్నాను. ఆ అట్ట చింపి తెచ్చాను. మేజిస్ట్రేటు గారికి ఇచ్చాను.

డిసెంబరు 19న పోలీసులు మా ఇంటికి వచ్చారు. దొంగతనంగా మనుషుల్ని విదేశాలకి దాటించే ముఠా అని వాళ్ళ అనుమానం. బ్రూజ్‌కి వెళ్దామని ఎవరన్నారు అని అడిగారు. మర్యాదగానే అడిగారు. నా భర్త నా పక్కనే ఉన్నారు. ఆయన ఉద్యోగం, నా శిష్యులు, మా అమ్మాయి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "రాజగోపాల్ గారు అన్నట్టు గుర్తు," అన్నాను. ఎవరూ ఆయన పేరు ఎత్తలేదు. నా నోటి నుంచే వచ్చింది. పాస్‌పోర్టు నా సంచీ నుంచి అతనే తీసుకుని ఉంటాడని కూడా చెప్పాను. ఇంకా ఊరికి చేరని ఆ సూట్‌కేసు రాజగోపాల్ గారింట్లో దొరికింది. జనవరి 8న ఆయన్ని అరెస్టు చేశారు. ఇవాళ్టికి పద్నాలుగు రోజులు.

మొన్న శనివారం ఆయన భార్య ఛాయాదేవి గారు మా ఇంటికి వచ్చారు. జైల్లో ఆయనకి మోకాళ్ళు వాచాయట, నేల మీద కూర్చుంటే లేవలేకపోతున్నారట. నా మీద కోపంతో వచ్చారనుకుని తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆవిడకి కోపం లేదు. "ములాఖత్‌లో ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒకటే మాట అంటున్నారమ్మా. కృష్ణకుమారికి అంతా తెలుసు, ఆవిడ వచ్చి చెబుతుంది, నువ్వు కంగారు పడకు అంటున్నారు. మీకు ఎప్పుడు వీలవుతుంది?" అని అడిగారు.

సోమవారం అన్నాను.

రాత్రికి నా భర్తకి మొత్తం చెప్పాను. ఆయన, "లాయరుతో ఒక మాట అనుకుని వెళ్ళు," అన్నారు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ ఏదో ఒక పేరు చెబుతానని నాకు భయం వేసింది.

నిన్న ఆదివారం ఉదయం పదకొండింటికి, అట్ట మీది నంబరుకి ఫోను చేశాను. చాలాసేపు మోగింది. ఎవరో ఆడమనిషి తీసింది. అది స్టేషన్ బయట ఉన్న ఫోను బూత్ అని, తను దారిన పోతూ ఎత్తానని ఆమె చెప్పిన నాలుగు ఇంగ్లీషు ముక్కల వల్ల అర్థమైంది. లక్ష్మీపతి అన్నాను. అర్థం కాలేదేమోనని పతి అన్నాను. ఇండియన్, సన్నగా ఉంటాడు, కోటు లేదు అన్నాను. ఆమె పాపం నిలబడి విన్నది. అటూ ఇటూ చూసినట్టుంది. ఎవరూ లేరు, మంచు పడుతోంది అని చెప్పి పెట్టేసింది.

సునంద ఇప్పుడు ఈ గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. రాజగోపాల్ గారి తరఫున మంచి మాట చెప్పడానికి వచ్చాననుకుని, డ్యూటీ మార్చుకుని నాకు తోడు వచ్చింది. ఆటోలో దారంతా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ ఫోను సంగతి ఆమెకి ఇంకా తెలియదు. ఈ కాగితం ద్వారా కాకుండా నేనే చెబుతానని, సంతకం అయ్యాక అయిదు నిమిషాలు ఆమెతో మాట్లాడనివ్వమని కోరుకున్నాను. మేజిస్ట్రేటు గారు ఒప్పుకున్నారు.

ఇదంతా తెలుగులో నాకు చదివి వినిపించారు. ఎవరూ భయపెట్టలేదు, ఆశ చూపలేదు. ఇందులో కలిపింది లేదు, దాచింది లేదు. డిసెంబరు 19న పోలీసులకి నేను చెప్పింది అబద్ధం, ఇది నిజం.

(సంతకం) కృష్ణకుమారి
మధ్యాహ్నం 1.05